మోషీలో సింహాలు లేవు

శుక్రవారం

రెండు కిలోల తెల్లటి పొడిని సూట్‌కేసులో పెట్టుకుని విమానమెక్కే తెలివి డ్రాయింగ్ టీచర్లకే ఉంటుంది. అది సుద్దమట్టి. చేర్యాల బొమ్మలు వేసేముందు బట్టకి పూస్తారు. దారిలో విమానం మారినచోట ఒక అధికారి పెట్టె తెరిపించి, మూట విప్పి, నా ముఖంలోకి చూశాడు. నేను "మట్టి, మట్టి" అన్నాను. టెన్షన్‌లో తెలుగులోనే అంటున్నానని నాకు తట్టలేదు. పక్కనున్న తెలుగు సార్ చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, గుటక వేసి, చేతులు చాపి నిలబడ్డారు, చూడండి బతికే ఉన్నాను అన్నట్టు. అతను నవ్వి మూట కట్టేశాడు.

మా స్కూలు సిద్దిపేట దగ్గర. వాళ్లది టాంజానియాలో, కిలిమంజారో కొండ కింద ఉన్న మోషీ పట్నంలో. మా పూర్వ విద్యార్థి ఒకతను దారెస్సలాంలో ఉద్యోగం చేస్తూ రెండు బడులకీ ముడివేశాడు. మూడేళ్లుగా ఉత్తరాలు, ఫోటోలు, నెట్ దయ తలిస్తే వీడియో కాల్. ఈ దసరా సెలవుల్లో తెలుగు సార్, నేను వెళ్లి ఐదు రోజులు పిల్లలతో బొమ్మలు వేయించి, కథలు చెప్పించి రావాలి. ఎనిమిది గజాల ఖద్దరు తీసుకున్నాం. మొదటి నాలుగు గజాల మీద మా ఏడో తరగతి పిల్లలు చేర్యాల పద్ధతిలో 'మా నేస్తాల ఊరు' వేశారు. మిగతా నాలుగు గజాలు వాళ్ల కోసం ఖాళీగా వదిలాం. దాన్ని చుట్ట చుట్టి, పాత చీర కప్పి, చంటిబిడ్డలా చంకనేసుకుని తెచ్చాను. మా పిల్లలు వేసిన సగం అంటే నాకు మహా గర్వం.

టాంజానియాలో 2019 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. అది తెలిసి, రంగుపొడులన్నీ ముందే గుడ్డసంచుల్లోకి మార్చాం. కిలిమంజారో విమానాశ్రయంలో పెట్టె తీసుకునేసరికి ఎర్రపొడి కారిపోయి, తెలుగు సార్ తెల్లచొక్కాలు మూడూ హోళీ ఆడి వచ్చినట్టున్నాయి. "పోనీలెండి మేడమ్, చేర్యాల ఎరుపేగా" అన్నారు. ఆయన అన్నిటికీ ఇంతే.

మోషీకి నలభై కిలోమీటర్ల పైనే. దారంతా పొద్దుతిరుగుడు చేలు, ఎండిన మొక్కజొన్న, పట్నం దగ్గరపడ్డాక ఊదారంగు పూలు కప్పుకున్న జకరండా చెట్లు. "కొండ ఏదండీ?" అని డ్రైవర్ని అడిగితే వేలెత్తి ఒక మబ్బుని చూపించాడు.

శనివారం

మోషీలో ఆటోని బజాజి అంటారు. కంపెనీ ఏదైనా సరే, మూడు చక్రాలుంటే బజాజే. తెలుగు సార్‌కి పండగ మొదలైంది ఇక్కడే. ఆయన ఒక నోటుపుస్తకం కొని, మొదటి పేజీలో 'మన మాటలు' అని రాసి, మార్కెట్‌లో నా వెంట నడిచారు. ఇక్కడి స్వాహిలి భాషలో రంగుని రంగి అంటారు. కలాన్ని కలాము అంటారు. గోనెసంచి గునియా, డబ్బులు పేసా, మందు దవా. ఒక గుడ్డల కొట్టావిడ పెద్ద కట్ట చూపించి "లాకి మోజా" అన్నప్పుడైతే ఆయన ఎగిరి గంతేశారు. లాకి అంటే లక్షే. లక్ష షిల్లింగులంటే భయపడాల్సిందేమీ లేదు, రూపాయికి సుమారు ముప్పై షిల్లింగులు.

వందల ఏళ్లుగా గుజరాత్ తీరం నుంచి, అరబ్బు రేవుల నుంచి ఇక్కడికి పడవలు నడిచాయి. సరుకుతోపాటు మాటలూ దిగాయి. అందులో మన గోనె కూడా ఉండడం నాకూ ముచ్చటేసింది కానీ, మధ్యాహ్నానికి ఆయన లెక్క ఇరవై దాటేసరికి నా ఓపిక అయిపోయింది. నాకు కావలసింది చింతగింజలు.

చేర్యాల బట్టకి చింతగింజల అంబలి పట్టించాలి. కాగితం అట్టలాగా బట్ట గట్టిపడేది దానివల్లే. ఇంటి నుంచి తెద్దామంటే గింజలు, విత్తనాలు విమానంలో ఒప్పుకుంటారో లేదోనని తేలేదు. చింతపండు ఇక్కడ ఉక్వాజు. అరబ్బులు దానికి ఇండియా పేరు తగిలించారు, లాటిన్ పేరులో కూడా ఇండికా ఉంది గానీ, చింతచెట్టు పుట్టిల్లు ఆఫ్రికా. పులుసు పెట్టుకోవడం మాత్రం వీళ్లకి అలవాటు లేనట్టుంది. చింతపండు రసం చక్కెర వేసి సీసాల్లో అమ్ముతారు. ఆ రసం అమ్మే ఒకామె వెనకాల బకెట్ నిండా గింజలు కనిపించాయి. పారేయడానికి పెట్టుకుంది. కావాలంటే నమ్మలేదు. డబ్బులిస్తే ఇంకా నమ్మలేదు. చివరికి ఒక సీసా రసం కొనిపించి, బకెట్ మొత్తం మా గునియాలో వంపేసింది.

ఆదివారం

వాళ్ల స్వాహిలి టీచర్ భోజనానికి పిలిచింది. ఇల్లు కొండవాలులో, మరంగు వైపు. ఎక్కుతున్నకొద్దీ చల్లబడింది. నేను అనుకున్న ఊరు అక్కడ లేదు. వీధులు లేవు, ఇల్లిల్లూ ఒక తోట మధ్యలో ఉంది. దాన్ని కిహాంబ అంటారు. పైన అరటి, దాని నీడన కాఫీ, కాఫీ కింద చేమ దుంపలు, ఇంటి పక్కన పాకలో ఆవుకి కోసి తెచ్చి వేసిన అరటి ఆకులు. తోట పక్కనుంచి జానెడు వెడల్పు కాలువలో నీళ్లు గలగలా పోతున్నాయి. కొండ మీది వాగుల నుంచి ఇక్కడి చగ్గా తెగ రైతులు తరతరాలుగా తవ్వుకున్న కాలువలు ఇవి. ఎవరి వంతు ఎప్పుడో ఊరివాళ్లే తేల్చుకుంటారట. మన చెరువు కింద నీరటికాడు గుర్తొచ్చాడు.

కాఫీ తోటలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కాఫీ ఉన్నది అమ్ముకోవడానికి. ఇక్కడి కాఫీ రైతులు 1933లోనే సహకార సంఘం పెట్టుకున్నారు. టీచర్ వాళ్ల నాన్నగారు ఆ సంఘానికే కాఫీ వేసేవాడట, పెద్దాయన కప్పు మాత్రం పాల టీ.

తర్వాత సొరకాయ బుర్రలో మ్బెగె వచ్చింది. అరటిపళ్లు ఉడికించి పులియబెట్టి, మొలకెత్తిన ఉలేజి పిండి కలిపి చేసే కల్లు. తెలుగు సార్ పిండి మూట విప్పి చూసి "రాగులే మేడమ్!" అని అరిచారు. రాగుల పుట్టిల్లు కూడా తూర్పు ఆఫ్రికాయే. ఆయన రెండు గుక్కలు తాగి, నోటుపుస్తకం తీయడం మరిచిపోయారు. నేనూ ఒక గుక్క రుచి చూశాను. పులుపు, కొంచెం చేదు, అడుగున అంబలి తరకలు.

ఇంటి చుట్టూ కంచెగా కత్తుల్లాంటి పొడవాటి ఆకుల మొక్కలు ఉన్నాయి. మసాలె అంటారు. రెండు కుటుంబాల మధ్య తగాదా వస్తే, తప్పు చేసినవాడు ఆ ఆకు పట్టుకొచ్చి ఇస్తే ఎదుటివాడు క్షమించి తీరాలి. పెద్దాయన ఇది చెబుతున్నప్పుడు తెలుగు సార్ ఆకుని వేలితో నిమిరి చూశారు. ఎందుకో నాకు బుధవారం తెలిసింది.

సోమవారం

రాత్రి బజాజి అబ్బాయి "కేషో సా మోజా" అని వెళ్లాడు. అంకెలు బట్టీపట్టిన తెలుగు సార్ అర్థం చెప్పారు: రేపు ఒంటిగంటకి వస్తాడు, పొద్దున హాయిగా పడుకోండి. తెల్లారి ఏడింటికి హారన్ మోతకి లేచాం. స్వాహిలిలో గడియారం పొద్దు పొడుపుతో మొదలవుతుంది. ఏడు గంటలంటే వాళ్లకి ఒకటి. పొద్దెక్కి గంటయింది అనే మన పాతకాలపు లెక్కే. నేను తడిజుట్టుతో బండెక్కాను. సార్ ఎర్రమచ్చల చొక్కాలో ఎక్కారు.

బడికి చేరేసరికి పిల్లలు ఆవరణ ఊడుస్తున్నారు. తెల్లచొక్కాలు, నీలం నిక్కర్లు, లంగాలు, ఆ ఎండలో కూడా స్వెట్టర్లు. ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకేలా కత్తిరించిన జుట్టు. మమ్మల్ని చూడగానే "మ్హిందీ! మ్హిందీ!" అని గుసగుసలు. ఇండియావాళ్లని అలా అంటారు. గదిలోకి వెళ్లగానే అందరూ లేచి ఒక్క గొంతుతో "షికామో మ్వాలిము" అన్నారు. పెద్దవాళ్లకే చెప్పే మాట అది, మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దాని అర్థం. మరహబా అని జవాబివ్వాలి. మా బడిలో గుడ్ మార్నింగులు విని విని ఉన్నానేమో, పాదాలు అనేసరికి కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

గోడ మీద ఇప్పటి అధ్యక్షురాలి ఫోటో, పక్కన జూలియస్ న్యెరెరె ఫోటో. దేశానికి మొదటి అధ్యక్షుడైనా ఆయన్ని జనం పిలిచేది మ్వాలిము అనే, అంటే పంతులు. ఆ పదవిలో ఉంటూనే షేక్‌స్పియర్ నాటకాలు రెండు స్వాహిలిలోకి అనువదించాడు. తెలుగు సార్ ఆ ఫోటోకి దండం పెట్టారు.

ఏడో తరగతి పిల్లలు సెప్టెంబరులోనే పెద్ద పరీక్ష రాసి వెళ్లిపోయారు, నాలుగో తరగతివాళ్లకి ఈ నెలాఖర్న పరీక్ష. అందుకని మాకు ఐదో తరగతి ఇచ్చారు. 62 మంది, బల్లకి ముగ్గురు. నేను చాలా ఉత్సాహంగా, "మీ పొద్దుటిపూట బొమ్మ వేయండి, మీ ఇష్టం" అన్నాను. స్వాహిలి టీచర్ అనువదించింది. ఎవరూ కదల్లేదు. నేను నమూనాగా బోర్డు మీద నా పొద్దుటిపూట వేసి చూపించాను. అదే నా తప్పు. పావుగంటలో 62 కాగితాల మీద 62 సిద్దిపేట గ్యాస్ పొయ్యిలు, మా ఇంటి కుక్కరు, మా తులసికోట. నేను చెరిపేసిన గీత కూడా కొందరు వేసి చెరిపారు. మొదటి బెంచీ పిల్లాడు చెయ్యెత్తి "మ్వాలిము, రంగి గాని?" అన్నాడు. ఏ రంగు వేయాలి అని. ఇరవై రెండేళ్లుగా రోజూ వినే ప్రశ్న. విమానమెక్కి వచ్చినా వదల్లేదు.

బోర్డు మీది అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకోవడంలోనే మార్కులున్నప్పుడు పిల్లలు మరేం చేస్తారు? మా దగ్గరా అంతే. ఇక్కడ ప్రాథమిక బడి అంతా స్వాహిలిలో నడిచి, హైస్కూల్లో ఒక్కసారిగా ఇంగ్లీషు మీద పడుతుంది. అప్పుడు బట్టీ తప్ప దారి లేదని టీచరే చెప్పింది.

మధ్యాహ్నం మకాండె పెట్టారు. మొక్కజొన్నలు, చిక్కుడుగింజలు కలిపి ఉడికించింది. గుగ్గిళ్లే. తిన్నాక హెడ్‌మిస్ట్రెస్ మా చేతికి చీపుర్లు ఇచ్చింది. వాళ్లకో సామెత ఉంది: అతిథికి రెండు రోజులు, మూడో రోజు చేతికి పార ఇవ్వు. "మీకు ఒక రోజు ఎక్కువే ఇచ్చాం" అంది.

మంగళవారం

గింజల్ని ఆదివారం రాత్రే గెస్ట్‌హౌస్ వంటింట్లో వేయించి, పొట్టు తీసి, నానబెట్టాం. రెండు దోసిళ్లు పిల్లలే తినేశారు. వేయించిన చింతగింజ బుగ్గన పెట్టుకుని నానుస్తూ పాఠం వినడం నాకు తెలియని విద్యేమీ కాదు గనక ఊరుకున్నాను.

బడి వంటపాక వెనక నడుం ఎత్తు చెక్క రోలు ఉంది. కిను అంటారు. రోకలి మ్చి. నేను రెండు పోట్లు వేసి రొప్పుతుంటే, వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి వచ్చి రోకలి లాక్కుంది. నిన్నంతా నోరు విప్పని పిల్ల. ఇంకొకామెతో కలిసి, ఒకరి తర్వాత ఒకరు, రోకళ్లు తగలకుండా దంచడం మొదలెట్టారు. దెబ్బకి దెబ్బ మధ్య ఊపిరి తీసేంత ఎడం. గింజలు మొదట కంకర చప్పుడు చేశాయి, తర్వాత ఇసక చప్పుడు, తర్వాత అసలు చప్పుడే లేదు, మెత్తటి ముద్ద. ఆ ముద్ద వాసన మీకు తెలిసే ఉంటుంది, పచ్చిపిండికీ తడి చెక్కకీ మధ్య.

తెలుగు సార్ అరుగు మీద కూర్చుని "అనగనగా ఒక ఊళ్లో" అని ఎత్తుకున్నారు. "ఊ కొట్టాలి, ఊ కొట్టకపోతే కథ నడవదు" అన్నారు. వాళ్లు తలకాయలు అడ్డంగా ఊపారు. కథకి ముందు చెప్పేవాళ్లు "పౌక్వా!" అనాలి, వినేవాళ్లు "పకావా!" అనాలి, అది లేకుండా మొదలెడితే ఎలా అని వాళ్ల అభ్యంతరం. ఆయన "పౌక్వా" అన్నారు. 62 గొంతులు "పకావా" అనేసరికి వంటపాక మీది కోళ్లు లేచిపోయాయి.

కానీ కథ చెప్పింది ఆయన కాదు. రోకలి పట్టుకున్న అమ్మాయి, దంచుతూనే. కిలిమంజారోకి రెండు శిఖరాలు. గుండ్రంగా మంచు కప్పుకున్నది కిబో, పక్కన ముక్కలు ముక్కలుగా విరిగినట్టున్నది మవెంజి. ఇద్దరూ ఇరుగుపొరుగు. ఒకరోజు మవెంజి పొయ్యి ఆరిపోయి కిబో ఇంటికి నిప్పుకి వచ్చాడు. కిబో ఎండు అరటికాయలు దంచుతున్నాడు. నిప్పుతోపాటు దంచింది కూడా పెట్టాడు. రుచి మరిగిన మవెంజి దారిలో నిప్పు ఆర్పేసి మళ్లీ వచ్చాడు. మళ్లీ పెట్టాడు. మూడోసారి వచ్చేసరికి కిబోకి ఒళ్లు మండి రోకలి తీసుకుని... ఆ అమ్మాయి ఇక్కడ రోకలి ఎత్తి రోట్లో ఒక్క పోటు వేసింది. మవెంజి తల అందుకే అలా ఉంది.

నా ఐదు రోజుల ప్లాను అక్కడితో చించేశాను. నాలుగు గజాల మీద ఇదే వేద్దామన్నాను. పొరుగింటికి నిప్పుకి వెళ్లడం మా నాయనమ్మ కాలంలో మా ఊళ్లోనూ ఉండేదని సార్ చెబితే, గ్యాస్ పొయ్యి ఉండగా నిప్పెందుకని ఒకడు అడిగాడు. నా బోర్డు బొమ్మ గుర్తుంది వాడికి.

అంబలి ఉడికింది. బట్టకి పూయాలంటే చుట్ట విప్పాలి. చెట్టు కింద పరిచి, మా పిల్లలు వేసిన సగాన్ని ముందు చూపించాను. చప్పట్లు వస్తాయని నిలబడ్డాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎవరో లెక్కపెట్టడం మొదలెట్టారు. మోజా, మ్బీలి, తాటు... పదిహేడు దగ్గర ఆగారు. పదిహేడు సింహాలు. వాటి మధ్య గడ్డి గుడిసెలు, ఈటెలు పట్టుకున్న మనుషులు, ఒక జిరాఫీ.

"ఇది ఏ ఊరు?" అని మొదటి బెంచీ పిల్లాడు నిజంగానే తెలీక అడిగాడు.

వాళ్ల బడికి ఎదురుగా పెట్రోలు బంకు ఉంది, ఫోన్ రీఛార్జి కొట్టు ఉంది. మూడేళ్లుగా వాళ్లు పంపిన ఫోటోల్లో అవన్నీ ఉన్నాయి. మా పిల్లలు ఆ ఫోటోలు చూశారు. చూసి, సింహాలు వేశారు. నేను చూసి, మొదటి బహుమతి ఇచ్చాను. సింహాన్ని ఎవరెవరు చూశారని టీచర్ అడిగితే 62 మందిలో రెండు చేతులు లేచాయి. నన్ను అడిగారు. చూశానని చెప్పక తప్పలేదు. ఎక్కడ? హైదరాబాద్‌లో, నెహ్రూ జూ పార్కులో, టికెట్ కొని.

పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. మాట మార్చడానికి తెలుగు సార్ "సింబా అంటే సింహం, చూశారా, ఇదీ మన మాటే" అని నోటుపుస్తకం తీశారు. స్వాహిలి టీచర్ పెన్ను తీసుకుని ఆ ఒక్క మాట కొట్టేసింది. సింబా బంతూ మాట, మా ఆఫ్రికా భాషల కుటుంబానిది, పోలిక ఊరికే కలిసింది, అది మాదే అంది.

బుధవారం

పొద్దున ఆఫీసు గదిలోకి వెళ్తే హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద మసాలె ఆకు ఉంది. తెలుగు సార్ కంచె నుంచి కోసుకొచ్చి పెట్టారు. పదిహేడు సింహాలకి క్షమాపణ. ఆవిడ నవ్వలేక కళ్లు తుడుచుకుంది. "ఇది పెద్ద పెద్ద గొడవలకి, మ్వాలిము. సింహాలకి ఎవరూ ఇవ్వరు." అయినా ఆకుని పారేయలేదు, గ్లాసులో నీళ్లు పోసి పెట్టింది.

రాత్రి బట్ట ఆరబెట్టినచోటికి ఎవరిదో మేక వచ్చింది. పిండి వాసనకి ఒక మూల జానెడు మేర నమిలేసింది. నాకు ఏడుపొచ్చింది. పిల్లలకి మాత్రం చాలా నచ్చింది. ఆ చిరుగు పక్కనే మేకని వేస్తామన్నారు, వేశారు.

సుద్ద కలిపి రెండో పూత వేసి, అది ఆరేలోపు కాగితాలిచ్చి "ఇప్పుడు మీరు మా ఊరు వేయండి" అన్నాను. బోర్డు దగ్గరికి పోలేదు. కాస్త సేపు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మొదలుపెట్టారు. హిందీ సినిమాలు ఇక్కడ అందరికీ తెలుసు. కాబట్టి మంచులో పల్చటి చీరలో గంతులేసే అమ్మాయి. నగలు పెట్టిన ఏనుగు. గాల్లో ఎగిరి తన్నే హీరో. వీధి నిండా బజాజిలు, అదొక్కటే నిజం. మేమిద్దరం ఆ హీరోని చూసి నవ్వుకున్నాం, కొంచెం ఊరటగా కూడా అనిపించింది.

ఒక పిల్లాడి కాగితం మీద ఏనుగు లేదు. నాలుగంతస్తుల భవనం, కిటికీలో ఇనప మంచం, దాని మీద ముసలాయన. పక్కన సీసా వేలాడుతోంది. ఇదేమిటంటే ఇండియా అన్నాడు. వాళ్ల బాబుకి గుండె ఆపరేషన్ అక్కడే అయిందట. స్వాహిలిలో బాబు అంటే తాత. వైద్యానికి ఇండియా వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. తాత బతికి వచ్చాడా అని అడిగాను. వచ్చాడు, ఇప్పుడు బీన్స్ తోటలో పని చేస్తున్నాడు. ఆ బొమ్మ ఫోన్‌లో తీసుకున్నాను.

గురువారం

ఎట్టకేలకు కొండ కనిపించింది. ఆరింటికి గెస్ట్‌హౌస్ మెట్ల మీద పళ్లు తోముకుంటూ తలెత్తితే, మబ్బు ఉండాల్సినచోట కాదు, దానికి ఇంకా చాలా పైన, ఆకాశంలో ఉంది. 5,895 మీటర్లు అని పుస్తకంలో చదవడం వేరు, మెడ నొప్పి పుట్టడం వేరు. నురగ మింగేశాను. ఎనిమిదిన్నరకల్లా మళ్లీ మబ్బు కప్పేసింది.

రోజంతా బొమ్మ. చేర్యాల బొమ్మకి వెనక రంగు ఎరుపే అని నేను పట్టుబట్టాను. చేర్యాలలో ఈ బొమ్మలు వేసే నకాషీ వాళ్లింట్లో నేర్చుకున్న పాఠం, వదలబుద్ధి కాలేదు. రోకలి అమ్మాయి ఒప్పుకోలేదు. పొద్దున కొండ వెనక ఊదారంగు ఉంటుంది, ఎరుపు ఉండదు అంది. ఆమె రోజూ చూస్తుంది, నేను ఆ పొద్దుటే చూశాను. కొండ వెనక ఊదా వేశాం, మవెంజి నిప్పు తీసుకెళ్లే చోట మాత్రం ఎరుపు. ఎవరూ రంగి గాని అని అడగలేదు, లేక నేను వినే తీరికలో లేనేమో.

62 బ్రష్షులకి నా డబ్బాలు మధ్యాహ్నానికే ఖాళీ. తెలుపు, నీలం అసలు మిగల్లేదు. టీచర్ వీధి చివర హార్డ్‌వేర్ కొట్టుకి పోయి సైకిళ్లకి వేసే ఎనామిల్ డబ్బాలు తెచ్చింది. చింతగింజల బట్ట మీద ఎనామిలా అని నా ప్రాణం విలవిల్లాడింది. "టింగటింగా వేసింది వీటితోనే" అంది. నిజమే. ఎడ్వర్డ్ సయిది టింగటింగా 1968 ప్రాంతంలో దారెస్సలాంలో, అట్టచెక్కల మీద సైకిల్ పెయింటుతో పక్షుల్ని, జంతువుల్ని వేసి అమ్మేవాడు. 1972లో పోలీసులు దొంగ అనుకుని కాల్చేశారు, నలభై ఏళ్లు బతికాడు. ఆయన పేరే ఇప్పుడు ఒక శైలికి పేరు, మోషీ వీధుల్లోనూ ఆ బొమ్మలు వరసగా వేలాడుతుంటాయి. నేను నోరు మూసుకుని డబ్బా మూత తీశాను.

కిబో నెత్తిన ఒక పిల్లాడు తెల్లగీత సన్నగా, అంగుళం మందాన వేశాడు. హెడ్‌మిస్ట్రెస్ చూసి, ఇంకా వెయ్యి, ఇక్కడిదాకా ఉండాలి అని వేలితో గీసి చూపించింది. వాడు కిటికీలోంచి మబ్బు వైపు చూశాడు. ఇంతే ఉంటుంది అన్నాడు. ఆవిడ చిన్నప్పుడు చూసిన కొండ వేరు. 1912 నుంచి లెక్క చూస్తే ఆ మంచులో 80 శాతం పైగా పోయింది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి వాడి గీత వాడిది, దాని కింద ఆవిడ చెప్పినంత మేర చుక్కలు. ఆ చుక్కలు ఆవిడే పెట్టింది.

శుక్రవారం

ఎనామిల్ ఆరలేదు. ఆరదని నాకు తెలుసు. బట్టని రెండు వెదురు కర్రలకి కట్టి, మామిడిచెట్టు కింద నిలబెట్టాం. తల్లులు, తండ్రులు, వీపున చంటిపిల్లలతో వచ్చారు. మొదట సింహాల సగం చూపించాం, దాచడం బాగోదని. జనం నవ్వారు. ఒక పెద్దావిడ సింహాల పక్కన ఉన్న గుడిసెని చూసి, ఇలాంటిది మా అమ్మమ్మకి ఉండేది అంది. అదొక్కటే మా పిల్లలకి దక్కిన మార్కు.

రోకలి అమ్మాయి పొడవాటి కర్రతో ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ కథ ఎత్తుకుంది. పౌక్వా, పకావా, కిబో, మవెంజి. రెండోసారి నిప్పుకి వచ్చేచోట, వెనకనుంచి ఒకాయన "అలా కాదు" అన్నాడు. వాళ్ల ఊళ్లో మవెంజి నిప్పు ఆర్పలేదు, గాలికే ఆరిపోయింది. పాపం వాడి తప్పేముంది? వంటావిడ లేచింది. గాలీ లేదు ఏమీ లేదు, వాడు తిండిపోతు, మా అమ్మ చెప్పింది. ఇంకొకరు రోకలి కాదు గరిటె అన్నారు. పది నిమిషాల్లో ఆవరణ అంతా మూడు పక్షాలైంది. ఆ అమ్మాయి కర్ర నేలకి ఆనించి, అందరూ అరుచుకోవడం అయ్యేదాకా ఆగింది. తర్వాత రోకలి బొమ్మ మీద టపీమని కొట్టి, తన కథ తను ముగించింది. ఆమె స్వెట్టర్ మోచేయికి నీలం ఎనామిల్ అంటుకుపోయింది.

తెలుగు సార్ లెక్క 43 మాటల దగ్గర ఆగింది. సింబా కాకుండా.

సిద్దిపేట, పది రోజుల తర్వాత

చుట్టని మధ్యలో కాగితాలు పెట్టి, వేపాకు పరిచి తెచ్చాను. వేపని అక్కడ మ్వారోబైని అంటారు, నలభై రోగాల చెట్టు అని. అది మన దగ్గర్నుంచి పోయింది, చింత అక్కడ్నుంచి వచ్చింది. ఎన్ని జాగ్రత్తలు పడితే ఏం, కాగితం జారినచోట పెయింటు అంటుకుంది. సింహాలున్న భాగాన్ని తిరగేసి చూస్తే, వెనకవైపు నీలం కొండ అచ్చు పడి ఉంది, తలకిందులుగా.

ఏడో తరగతిలో పరిచాం. పదిహేడులో తొమ్మిది సింహాలు వేసినవాడు, మొదటి బహుమతి వాడిదే, మోకాళ్ల మీద కూర్చుని మేక కొరికిన మూలని వేలితో తడిమాడు. పెట్రోలు బంకు ఎందుకు వేయలేదురా అని అడిగాను. బంకుల ఏముంటది మేడమ్ అన్నాడు. తర్వాత, వాళ్లు మన ఊరు ఎట్ల గీసిన్రో చూపియ్యమన్నాడు. ఫోన్ తీసి ఏనుగులు చూపించాను, హీరోని చూపించాను. క్లాసంతా నవ్వింది. వాడు వేలితో పక్కకి జరుపుకుంటూ పోయి, ఇనప మంచం దగ్గర ఆగాడు. సీసాని పెద్దది చేసి చూశాడు.

"దవాఖాన మేడమ్ ఇది. మా తాత పండుకున్న మంచం గిట్లనే ఉండె."